చమురు పీపాలో సప్తస్వరాలు

పిల్లలూ! సాయంత్రం అయిదున్నరకు మీరు బడినుంచి ఇంటికి చేరి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, అమ్మ పెట్టినదేదో తింటూ కూర్చున్నారనుకోండి. సరిగ్గా ఆ క్షణంలో భూగోళానికి అటువైపున ఒక చిన్న దేశంలో ఉదయం 8 గంటలవుతుంది. మీ ఈడు పిల్లలు యూనిఫారాలు వేసుకుని బడికి బయలుదేరుతూ ఉంటారు. దారిలో బండి దగ్గర ఆగి "డబుల్స్" కొనుక్కుంటారు. పసుపు కలిపిన పిండితో వేయించిన రెండు మెత్తటి బారాలు, వాటి మధ్యన వేడి వేడి శనగల కూర, పైన చింతపండు చట్నీ. కాగితంలో చుట్టి ఇస్తే నిలబడే తినేస్తారు. ఇంకొందరు ఇంట్లోనే దాల్‌పూరీ, భాజీ తిని వస్తారు.

ఇదేదో బీహారు పట్టణం అనుకుంటున్నారా? కాదు. మనకు సుమారు పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, కరీబియన్ సముద్రం దక్షిణపు అంచున, వెనిజులా తీరానికి పట్టుమని 11 కిలోమీటర్లయినా లేని దూరంలో ఉన్న ట్రినిడాడ్ దీవి. పక్కనున్న చిన్నదీవి టొబాగోతో కలిపి అది ఒక దేశం. వైశాల్యం 5,128 చదరపు కిలోమీటర్లు. అంటే విడిపోకముందున్న మన గుంటూరు జిల్లాలో సగం కూడా లేదు. జనాభా పద్నాలుగు లక్షల దరిదాపు. 1962 ఆగస్టు 31న బ్రిటిష్ పాలననుంచి స్వతంత్రమయింది.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకు ఈ దేశం కొత్త కాదు. 1971లో సునీల్ గవాస్కర్ తన మొదటి టెస్టు ఆడింది దీని రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే. వెస్టిండీస్‌పై మనవాళ్ళు మొట్టమొదటిసారి గెలిచిందీ ఆ ఆటలోనే. బ్రయాన్ లారా పుట్టిందీ ఈ దేశంలోనే. కానీ నేనిప్పుడు బ్యాటు సంగతి చెప్పబోవడం లేదు. ఖాళీ చమురు పీపా సంగతి చెబుతాను.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఒకసారి తొమ్మిదో తరగతికి "ధ్వని" పాఠం చెబుతున్నాను. వెనక బల్లమీద ఒక కుర్రాడు మధ్యాహ్న భోజనానికి ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు కంచం ఒళ్ళో పెట్టుకుని పెన్సిలుతో టంగు టంగుమని కొడుతున్నాడు. "ఒరేయ్, ఆ గోల ఆపు! బయటికి నడు" అన్నాను. వాడు కంచంతో సహా బయటికి నడిచాడు. నేను మళ్ళీ నల్లబల్లవైపు తిరిగి "ధ్వని అనగా..." అని మొదలుపెట్టాను. ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు ఆ కుర్రాడు నాకు చాలాసార్లు గుర్తుకొచ్చాడు. ఎందుకో మీకే తెలుస్తుంది.

కొట్టవద్దన్న డప్పులు

ట్రినిడాడ్‌లో చెరకు తోటలుండేవి. ఆ తోటల్లో పని చేయించడానికి ఆఫ్రికానుంచి మనుషులను పట్టి తెచ్చి బానిసలుగా అమ్మేవారు. 1834లో చట్టరీత్యా బానిసత్వం రద్దయినా, పూర్తి విముక్తి వచ్చింది 1838 ఆగస్టు 1న. విముక్తులైన జనం తోటలు వదిలిపోవడంతో యజమానులకు కూలీలు కావలసివచ్చారు. అప్పుడు వాళ్ళ కన్ను మన దేశంమీద పడింది. 1845 మే 30న "ఫతెల్ రజాక్" అనే ఓడ కలకత్తానుంచి మొదటి భారతీయ కూలీలను అక్కడ దింపింది. 1917 వరకు అలా సుమారు 1,44,000 మంది వెళ్ళారు. ఎక్కువమంది బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవారు. అందుకే అక్కడి తిండి పేర్లన్నీ భోజ్‌పురి వాసన వేస్తాయి. కొన్ని ఓడలు మద్రాసు రేవునుంచి కూడా బయలుదేరాయి. వాటిలో తమిళులతోబాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరినీ అక్కడివాళ్ళు కలిపి "మద్రాసీలు" అనేశారు. తెలుగు మాట అక్కడ నిలవలేదు.

ఇలా రెండు ఖండాల జనం ఒక దీవిలో పడ్డారు. ఇద్దరూ వెంట తెచ్చుకోగలిగిన ఆస్తి ఒకటే: చేతుల్లోని తాళం. ఆఫ్రికావారికి చర్మపు డప్పులు. మనవాళ్ళకు "తాసా". తాసా అంటే మట్టి కుండలాంటి గిన్నెకు మేకతోలు బిగించిన వాద్యం. వాయించేముందు దాన్ని మంట దగ్గర కాచుకుంటారు. ఇది మీరెక్కడో చూశారు కదూ? మన ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళు చితుకులు పోగుచేసి డప్పు కాచుకోవడం లేదూ? తోలులోని చెమ్మ ఆరిపోయి అది ముడుచుకుంటుంది. బిగువు పెరుగుతుంది. బిగువు పెరిగితే కంపనాల వేగం, అంటే పౌనఃపున్యం పెరుగుతుంది. గొంతు ఖంగుమంటుంది. రెండు దేశాల్లోనూ సూత్రం అదే.

అయితే పాలకులకు ఈ డప్పుల మోత అంటే భయం. డప్పు మోగితే జనం పోగవుతారు. పోగయిన జనం ఏంచేస్తారో! 1881లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కార్నివాల్ పండుగ ఊరేగింపును ఆపబోయిన పోలీసులకూ, కాగడాలు పట్టుకున్న జనానికీ పెద్ద కొట్లాట జరిగింది. 1884లో డప్పుల మీద, ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టారు. అదే ఏడు అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణం దగ్గర భారతీయ కూలీలు "హోసే" ఊరేగింపు తీశారు. హోసే అంటే మొహర్రం, మన పీర్ల పండుగ. మన ఊళ్ళలో లాగే అక్కడా ఆ ఊరేగింపులో హిందువులూ కలిసేవారు. ఆ జనంమీద పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు. పిల్లలూ, ఒక డప్పు శబ్దానికి ఒక ప్రభుత్వం తుపాకి ఎత్తిందంటే ఆ శబ్దంలో ఏముందో ఆలోచించండి.

తోలు డప్పు కొట్టకూడదన్నారు కదా అని ఆఫ్రికా సంతతివారు వెదురు పట్టారు. లావువి, సన్ననివి, పొడుగువి, పొట్టివి వెదురు గొట్టాలు కోసి నేలకేసి దంచేవారు. పొడుగు గొట్టంలో గాలిస్తంభం పొడుగు కనుక స్థాయి తక్కువ, పొట్టిదాంట్లో ఎక్కువ. దీనికి "తంబూ బాంబూ" అని పేరు. చిక్కేమిటంటే వెదురు ఊరికే పగిలిపోతుంది. ఊరేగింపు మధ్యలో గొట్టం పగిలితే ఏంచేయాలి? చేతికి దొరికింది కొట్టడమే! బిస్కెట్ల డబ్బా, రంగు డబ్బా, చెత్తడబ్బా మూత, పాత మోటారుబండి బ్రేకు డ్రమ్ము... 1930లలో ఇలా ఇనుపముక్కల దళాలు వీధుల్లోకొచ్చాయి. పగలనూ పగలవు, మోతా ఎక్కువ.

సొట్టలో దొరికిన స్వరం

డబ్బా ఇంతవరకు తాళానికే. రాగం ఎక్కడిది? అక్కడ ఒక కథ చెబుతారు. లావెంటీల్ కొండమీది పేదల వాడలో విన్‌స్టన్ "స్ప్రీ" సైమన్ అనే కుర్రాడు తన డబ్బాను మరొకడికి అరువిచ్చాడట. అది సొట్టలు పడి తిరిగొచ్చింది. లోపలినుంచి కొట్టి సొట్టలు సరిచేస్తూ ఉంటే ఒక్కొక్క చోట ఒక్కొక్క స్వరం పలికింది. దాంతో కావాలనే సొట్టలు చేసి నాలుగైదు స్వరాలు పలికించాడు. మొదట కనిపెట్టింది ఇతనేనా, ఇంకొకరా అన్న వాదన పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇప్పటికీ తెగలేదు. ఒకేసారి చాలా వాడల్లో చాలామంది కుర్రాళ్ళు డబ్బాలు కొడుతున్నారు గనక నాకు మాత్రం అందరికీ వాటా ఉందనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం ట్రినిడాడ్‌లో నౌకాస్థావరం పెట్టింది. ఆ దీవిలో చమురు బావులు కూడా ఉన్నాయి. అక్కడి లా బ్రియా అనే ఊళ్ళో సుమారు 40 హెక్టార్ల తారు సరస్సు ఉంది. నీళ్ళుండవు, తారే! చాలామేర దానిమీద నడిచిపోవచ్చు. 1595లో సర్ వాల్టర్ రాలీ తన ఓడల చిల్లులు పూడ్చుకున్నది ఈ తారుతోనే. ఆ తారులో చిక్కుకున్న సూదిమొనంత నీటి బిందువుల్లో బాక్టీరియా బతుకుతున్నట్టు 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దానిమీద వేరే వ్యాసమే రాయవచ్చు. ప్రస్తుతానికి మనకు కావలసింది ఇదీ: చమురున్నచోట పీపాలుంటాయి. యుద్ధం ముగిశాక ఖాళీ పీపాలు కోకొల్లలు.

1946లో ఎల్లీ మానెట్ అనే యువకుడు 55 గాలన్ల పీపాను, అంటే మన లెక్కలో 208 లీటర్ల పీపాను తీసుకున్నాడు. అంతవరకు డబ్బాల అడుగుభాగాన్ని బయటికి ఉబ్బేటట్టు కొట్టేవారు. మానెట్ దాన్ని లోపలికి గిన్నెలాగా దించాడు. ఈ చిన్న మార్పుతో చోటు పెరిగింది, స్వరాల సంఖ్య పెరిగింది, కొట్టే చేతికి అనువుగా ఉంది. ఇదే ఈనాటి "స్టీల్ పాన్". అక్కడివాళ్ళు ముద్దుగా "పాన్" అంటారు. మన తాంబూలంతో పొరబడకండి!

పాన్ ఎలా తయారవుతుంది?

పీపాను బోర్లించి, గుండ్రని అడుగుభాగాన్ని బరువైన సుత్తితో కొట్టుకుంటూ పోతారు. అంచునుంచి మధ్యకు, మళ్ళీ అంచునుంచి మధ్యకు. అడ్డకొలత 57 సెంటీమీటర్లున్న ఆ రేకు గంటలకొద్దీ దెబ్బలు తిని సుమారు 20 సెంటీమీటర్ల లోతు గిన్నె అవుతుంది. రేకు మొదట మిల్లీమీటరు పైచిలుకు మందం. సాగిపోయి మధ్యలో దాదాపు సగానికి పలచబడుతుంది. చపాతీ ఒత్తినట్టే. ఎక్కడైనా ఎక్కువ సాగితే చిరిగిపోతుంది. పీపా వృథా, చేసిన పనీ వృథా.

తరువాత స్వరాల గడులు గీసి, మేకులాంటి ఉలితో గడి చుట్టూ గాడి కొడతారు. పీపా చుట్టుగోడను కావలసినంత ఉంచి కోసేస్తారు. పై స్థాయి పాన్‌కు జానెడు కన్నా తక్కువే ఉంచుతారు. మంద్రస్థాయి పాన్‌కు దాదాపు పీపా అంతా ఉంచుతారు.

ఇప్పుడు మంట. వెనకటికి పాత టైర్లు తగలేసి దానిమీద పెట్టేవారు. డప్పు కాచినట్టే ఉంది కదా, కానీ ఇక్కడ కారణం వేరు. సుత్తిదెబ్బలకు ఉక్కులోని పరమాణువుల వరుసలు చెదిరి ఉంటాయి. సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి ఉక్కులో కొద్దిగా ఉన్న కార్బన్, నత్రజని పరమాణువులు కదిలి, ఆ చెదిరిన చోట్లలో చేరి, అవి మళ్ళీ జరగకుండా పట్టి ఉంచుతాయి. దాంతో రేకు గట్టిపడుతుంది. వేడి చాలకపోతే స్వరం నిలవదు. ఎక్కువైతే రేకు మెత్తబడిపోతుంది. ఆ పనివాడి దగ్గర ఉష్ణమాపకం లేదు. రేకు ఏ రంగుకు తిరిగిందో చూసి చెప్పేవాడు. రేకుపై ఏర్పడే సన్నని ఆక్సైడు పొర మందాన్నిబట్టి రంగు మారుతుంది. సబ్బుబుడగమీద రంగులు మారినట్టే. ఆ సంగతి అతనికెవరూ పాఠంగా చెప్పలేదు. కన్నే చెప్పింది.

చివరిది శ్రుతి చేయడం. ఇదీ అసలు పని. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

వీణ తీగ మీటితే ఒక్క స్వరమే వినబడినట్టుంటుంది గాని, నిజానికి చాలా స్వరాలు కలిసి ఉంటాయి. ప్రాథమిక స్వరం 440 హెర్ట్జ్ అయితే దానికి రెట్టింపు 880, మూడురెట్లు 1320, నాలుగురెట్లు 1760, ఇలా పోతాయి. వీటిని అనుస్వరాలంటారు. అన్నీ పూర్ణాంకాల లెక్కలో ఉన్నాయి గనక చెవికి ఇంపు. ఇది తీగకు ప్రకృతి ఇచ్చిన వరం. రేకుకు ఆ వరం లేదు. కంచం కొట్టండి. అందులోనూ చాలా స్వరాలుంటాయి, కానీ వాటి నిష్పత్తులు ఒకటికి రెండున్నరో, మూడుంబాతికో, ఏదో పడతాయి. అందుకే అది "ఖణేల్" మంటుంది, పాడదు.

తోలు వాద్యాలకూ ఇదే జబ్బు. మరి మన మృదంగం పాడుతుందేమిటి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు సర్ సి.వి. రామన్. మృదంగం కుడివైపు మూతమీద నల్లని మచ్చ చూశారు కదా! ఆ ముద్ద బరువువల్ల తోలు కంపనాలు పూర్ణాంకాల లెక్కలోకి వస్తాయని ఆయన 1920లో ప్రకటించారు. ఎవరో పేరు తెలియని మన పూర్వుడు చెవితో సాధించిన పనిని రామన్ లెక్కతో చూపారన్నమాట.

పాన్ శ్రుతి చేసేవాడు ఆ పనే ఉక్కులో చేస్తాడు. గిన్నె మొత్తం లోపలికి గుంటగా ఉన్నా, ఒక్కొక్క స్వరపు గడి మాత్రం కొంచెం పైకి ఉబ్బి ఉంటుంది. ఆ గడి మూడు రకాలుగా ఊగగలదు. మొత్తం ఒక్కటిగా పైకీ కిందికీ ఊగితే ప్రాథమిక స్వరం. నిలువునా రెండు సగాలై ఒకటి పైకి, ఒకటి కిందికి ఊగితే రెండోది. అడ్డంగా రెండు సగాలైతే మూడోది. అతను చిన్న సుత్తితో నిలువువైపు తట్టి రెండోదాన్ని సరిగ్గా రెట్టింపుకు తెస్తాడు. అడ్డంవైపు తట్టి మూడోదాన్ని మూడురెట్లకో నాలుగురెట్లకో తెస్తాడు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. పక్కగడీ చెడుతుంది. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. ఒక పాన్‌లో 28, 29 గడులుంటాయి. ఒక్కొక్క గడికీ మూడేసి శ్రుతులు. మీరే గుణించుకోండి.

ఇలా కుదిరాక ఒక వింత జరుగుతుంది. పుల్లతో కొట్టిన క్షణంలో ప్రాథమిక స్వరం బలంగా ఉంటుంది. వెంటనే దాని శక్తి కొంత రెట్టింపు స్వరంలోకి పారుతుంది. అందుకే పాన్ స్వరం కొట్టగానే ఆగిపోదు. మొగ్గ విచ్చినట్టు ఒక్కసారి విప్పారుతుంది. తాళవాద్యాలన్నిటిలోకీ దాని గొంతు వేరుగా ఉండటానికి ముఖ్యకారణం ఇదే.

సాలెగూడు

స్వరాలను గిన్నెలో ఏ వరుసలో పెట్టాలి? మీరైతే ఏంచేస్తారు? స, రి, గ, మ అని వరుసగా పేరుస్తారు కదా? మొదట్లో చాలామంది తోచినట్టు పెట్టారు. రేకంతా ఒకటే ముక్క గనక ఒక గడిని కొడితే పక్క గడులూ కాస్త ఊగుతాయి. పక్కనున్నది పొసగని స్వరమైతే చెవిలో గీరినట్టుంటుంది. ఆంథొనీ విలియమ్స్ అనే పాన్ కళాకారుడు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. "స" పక్కన "ప" పెట్టాడు. ఆ "ప"ను "స" అనుకుని దాని పక్కన దాని "ప". అలా చుట్టూ. స, ప స్నేహితులని సంగీతం నేర్చుకునేవాళ్ళకు తెలుసు. వాటి పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. ఒకదాని అనుస్వరాల్లో కొన్ని రెండోదానిలోనూ ఉంటాయి. పక్కగడి ఊగినా పాటకు సాయమే తప్ప చెరుపు కాదు.

అలా పన్నెండు మెట్లు తిరిగితే మొదటి స్వరం దగ్గరకే వస్తారు. సరిగ్గా వస్తారా? లెక్కవేయండి. ఒకటిన్నరను పన్నెండుసార్లు హెచ్చిస్తే 129.75 వస్తుంది. ఏడు స్థాయిలు పైకి వెళ్ళడమంటే రెండును ఏడుసార్లు హెచ్చించడం. అది 128. కొంచెం తేడా! ఆ తేడాను పన్నెండు స్వరాలకూ తలా కాస్త పంచి సరిపెడతారు. హార్మోనియంలో కూడా అంతే. బయటి వరసలో ఈ పన్నెండు, వాటి లోపలి వరసలో వాటికే పైస్థాయి పన్నెండు, నడుమ నాలుగైదు. గీసి చూస్తే సాలెగూడులా ఉంటుంది. దాని పేరూ అదే.

గడి పెద్దదైతే స్వరం మంద్రం, చిన్నదైతే తారం. మంద్రస్వరాల గడులు ఎంత పెద్దవంటే ఒక పీపాలో మూడే పడతాయి. అందుకని ఒక్క మనిషి ఆరు పీపాలు చుట్టూ పెట్టుకుని నడుమ నిలబడి వాయిస్తాడు. 18 స్వరాలు. కొట్టే పుల్లల చివర రబ్బరు ఉంటుంది. తారానికి పలచనిది, మంద్రానికి మెత్తటి పెద్ద బంతి.

నవ్వినవాళ్ళు, విన్నవాళ్ళు

ఇంత శాస్త్రం ఉన్న పనిచేసిన కుర్రాళ్ళను ఊరు ఏమందో తెలుసా? రౌడీలంది. పాన్ వాయించే పిల్లవాడికి ఇంట్లో దెబ్బలు, వీధిలో పోలీసులు. నిజం చెప్పాలంటే 1950 ప్రాంతంలో ఒక వాడ దళానికీ ఇంకో వాడ దళానికీ రక్తాలు కారేటంత కొట్లాటలు జరిగాయి. ఆ కుర్రాళ్ళందరూ సాధువులని నేననను. ఆడపిల్లలు పాన్ శిక్షణశాలల ఛాయలకు కూడా పోకూడదనేవారు. అయినా 1950ల ఆరంభంలోనే అచ్చంగా యువతుల దళం ఒకటి తయారైంది.

1951లో లండన్‌లో జరిగిన బ్రిటన్ ఉత్సవానికి వేర్వేరు దళాలనుంచి ఏరి ఒక వాద్యబృందాన్ని పంపారు. చందాలు పోగుచేసి పంపారు. వాళ్ళకు శిక్షణ ఇచ్చిన పోలీసు బ్యాండు అధికారి జోసెఫ్ గ్రిఫిత్ పన్నెండు స్వరస్థానాలూ పలకవలసిందే అని పట్టుబట్టాడు. ఒక్కొక్కరికి ఒకటికన్నా ఎక్కువ పీపాలుండే పద్ధతి అప్పుడే బలపడింది. తుప్పు మరకల పీపాలు చూసి లండన్ జనం మొదట నవ్వారని చెబుతారు. వాయించడం మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది.

1963నుంచి ఏటా కార్నివాల్‌కు ముందు "పనోరమా" పోటీలు జరుగుతున్నాయి. పెద్ద దళంలో వందమందికి పైనే ఉంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రాత్రిపూట ఎటు నడిచినా శిక్షణశాలలనుంచి పాన్ వినబడుతుంది. బ్యాంకు గుమాస్తా, మేస్త్రీ, నర్సు, బడిపిల్ల పక్కపక్కన నిలబడి సాధన చేస్తారు. చాలామందికి స్వరలిపి చదవడం రాదు. ఎనిమిది, పది నిమిషాల పాటంతా చెవితో విని, చేతితో గుర్తుపెట్టుకోవలసిందే. ఊళ్ళోవాళ్ళు వచ్చి గోడలమీద కూర్చుని వింటూ కబుర్లు చెప్పుకుంటారు. పనీపాటా లేకుండా స్నేహితులతో అలా కూర్చోవడాన్ని వాళ్ళు "లైమింగ్" అంటారు. మనం అరుగుమీద పిచ్చాపాటీ అంటామే, అదే.

తినడానికి ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ముక్కలుగా చిదిమిన పరోటాను అక్కడ "బస్ అప్ షట్" అంటారు. చినిగిపోయిన చొక్కాలా ఉంటుందని! మిరపకాయ మాత్రం అడిగి వేయించుకోండి. "ట్రినిడాడ్ మొరూగా స్కార్పియన్" అనే రకాన్ని 2012లో అమెరికాలో పరీక్షించి అప్పటికి లోకంలో అన్నిటికన్నా కారమైనదని తేల్చారు. మన గుంటూరు మిరప దానిముందు కలకండే. అన్నట్టు, మిరప మన దేశానికి వచ్చిందే అమెరికా ఖండాలనుంచి.

1992లో పాన్‌ను ఆ దేశపు జాతీయవాద్యంగా ప్రకటించారు. 2001లో పీపా రేకును యంత్రంతో నొక్కి పాన్ చేసే పద్ధతికి అమెరికాలో ఇద్దరు పేటెంటు పొందినప్పుడు ట్రినిడాడ్‌లో పెద్ద గగ్గోలు పుట్టింది. మా వీధి కుర్రాళ్ళు సుత్తితో కనిపెట్టినదానికి మీకు హక్కేమిటని అడిగారు. అందులో న్యాయముంది. మానెట్‌గాని, విలియమ్స్‌గాని ఆ మొదటి రోజుల్లో దేన్నీ రాయించి ముద్ర వేయించుకోలేదు. ఒకరి ఉపాయం ఇంకొకరు చూసి బాగుచేస్తూ పోయారు. అప్పటినుంచి అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళే పాన్ భౌతికశాస్త్రంలో చాలా పని చేశారు. 2007లో ఇంకా పెద్ద పళ్ళెంతో కొత్తరకం పాన్‌నూ తయారుచేశారు. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్ పాన్ దినంగా నిర్ణయించింది. అక్కడి బడుల్లో ఇప్పుడు పాన్ ఒక పాఠం. పిల్లల పనోరమా పోటీలు వేరే ఉన్నాయి.

ఇన్ని గౌరవాల మధ్య ఒక్క సంగతి మరవకండి. శ్రుతి చేసేవాడు రోజంతా తన చెవికి అడుగు దూరంలో ఉక్కుమీద సుత్తి వేస్తాడు. అతని పనిముట్టు చెవి. ఆ పని చెవినే తినేస్తుంది. వినికిడి తగ్గడం ఈ వృత్తిలో ఉన్న అసలు ప్రమాదం. చెవులకు రక్షణ పెట్టుకుంటే సూక్ష్మమైన తేడా వినబడదని చాలాకాలం పెట్టుకోలేదు. ఇప్పుడు స్వరాన్ని తెరమీద చూపే పరికరాలు వచ్చాయి. అయినా చివరి నాలుగు దెబ్బలు చెవితోనే. వాయించినకొద్దీ పాన్ శ్రుతి తప్పుతుంది గనక ఈ పని ఏటా మళ్ళీ మళ్ళీ ఉంటుంది.

ఇక మీరు చేసి చూడండి. పెద్ద బిస్కెట్ డబ్బా మూత ఒకటి తీసుకోండి. మడత పెట్టిన తువ్వాలుమీద బోర్లించి ఉత్త పెన్సిలుతో తట్టండి. తరువాత పెన్సిలు చివర రబ్బరు బ్యాండు నాలుగైదు చుట్లు చుట్టి తట్టండి. గొంతు ఎలా మారింది? మధ్యలో, అంచున, ఆ రెంటికీ నడుమ తట్టి తేడా రాసుకోండి. ఇప్పుడు ఉసిరికాయంత గోధుమపిండి ముద్ద మధ్యలో అంటించి తట్టండి. స్వరం పైకి పోయిందా, కిందికి వచ్చిందా? మృదంగం వాయించేవాళ్ళు ఎడమవైపు మూతకు రవ్వముద్ద ఎందుకు అంటిస్తారో దీనిని బట్టి చెప్పగలరా?

ఈ ప్రయోగం నేను మొన్న తరగతిలో చేయించాను. కంచం కుర్రాడు ఇప్పుడు పదో తరగతి. వాణ్ణి పిలిచి కంచం తెమ్మన్నాను. అనుమానంగా చూస్తూ తెచ్చాడు. కొట్టరా అన్నాను. వాడు కంచాన్ని రెండు వేళ్ళతో అంచున పట్టుకుని కొట్టాడు. మోగలేదు. వేళ్ళు కొంచెం లోపలికి జరిపి పట్టుకుని కొట్టాడు. ఖంగుమంది. "ఇక్కడ పట్టుకుంటే మోగుతుంది, అక్కడ పట్టుకుంటే మోగదు మాస్టారూ. అప్పుడు కూడా అదే చూస్తున్నాను. ఎందుకండీ?" అన్నాడు. నేను సుద్దముక్క పక్కనపెట్టి, కంచంమీద చల్లడానికి సన్నని ఇసుక తెమ్మని ఇద్దరిని పంపాను.